ఇంటిలో కూర్చుకొను తేలిక విమానము

విమానమనగానే వేలమంది పనివారు గల కర్మాగారమును, కోట్ల రూపాయల యంత్రములును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని లోకములో మొట్టమొదట ఎగిరిన విమానములను ఒకరిద్దరు మనుష్యులు తమ కొట్టములలో స్వయముగా చేసికొన్నారు. 1903 డిసెంబరు 17వ తేదీన 12 సెకండ్ల కాలములో 120 అడుగుల దూరమెగిరిన రైటు సోదరుల విమానము సైకిళ్ళు అమ్ముచు, బాగుచేయుచు బ్రతికిన అన్నదమ్ముల చేతిపని. పారిసులో నివసించిన బ్రెజిలు దేశస్థుడు సాంతోస్ దుమోఁ 1909 నాటికి 'దెమ్వాజెల్' అను చిన్న విమానమును సిద్ధము చేసెను. దాని వెన్నెముక మూడు పొడవాటి వెదురు బొంగులు మాత్రమే. మన పాకాల ప్రాంతపు మేదరివారు దానిని చూచియుండినచో, అందులో సగము తమకు తెలిసిన వస్తువేనని అనియుందురు. ఆ విమానపు పటములపై ఆయన హక్కులేవియు ఉంచుకొనలేదు. ఎవరైనను చేసికొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టెను.

ఇంటిలో విమానము చేసికొను అభిరుచి ఆనాటినుండి నేటివరకు చావలేదు. ఈనాడు అట్టి విమానమును విడిభాగములుగా పెట్టెలలో అమ్ముచున్నారు. కొన్నవాడు వాటిని ఇంటికి తెచ్చుకొని, పుస్తకములోని పటములను చూచుచు మరలు బిగించి, గుడ్డ తొడిగి, ఇంజను కూర్చి పూర్తిచేసికొనవలెను. దీనినే కిట్టు విమానమందురు. చేతిఫోనులో ఇట్టి దృశ్యములను చూచిన విద్యార్థులు మా గూడూరు వైపున కూడ "మనము చేయలేమా సార్?" అని అడుగుచున్నారు. ఇది నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదు. పాత ఇనుపసామానుల దుకాణములో దొరికిన గొట్టములు, ఒక మోటారు సైకిలు ఇంజను, కొంత ధైర్యము, ఈ మూడింటితో బయలుదేరినవాని ప్రాణము పోవచ్చును. లెక్క తెలిసికొని బయలుదేరినవాడు నిజముగానే ఎగురవచ్చును. ఈ ఇద్దరి నడుమనున్న భేదము ఎచ్చట ఉన్నదో చూతము.

ముందుగా తేలిక విమానమనగా ఎంత తేలిక? అమెరికాలో 1982లో చేసిన నిబంధనల ప్రకారము అల్ట్రాలైటు అనిపించుకొనుటకు ఒకే ఆసనముండవలెను. ఖాళీ బరువు 254 పౌండ్లకు, అనగా సుమారు 115 కిలోగ్రాములకు లోబడి ఉండవలెను. పెట్రోలు సుమారు 19 లీటర్లకు మించరాదు. గరిష్ఠ వేగము గంటకు 102 కిలోమీటర్లు దాటరాదు. గాలిలో నిలువగల కనిష్ఠ వేగము గంటకు 44 కిలోమీటర్లకు మించరాదు. ఇట్టి విమానమును పగటిపూట మాత్రమే, జనసమ్మర్దము లేనిచోటనే, వినోదమునకే నడుపవలెను. మన దేశములో మైక్రోలైటు అని పిలువబడునది దీనికంటె పెద్దది. ఇద్దరు కూర్చుండునది, మొత్తము 450 కిలోగ్రాముల వరకు బరువుండునది ఆ తరగతిలోనికి వచ్చును.

పై సంఖ్యలలో ముఖ్యమైనది చివరి వేగము. ఇంజను ఆగినను, పొలములో దిగవలసివచ్చినను విమానము నేలను తాకునది ఇంచుమించుగా ఆ వేగముననే. గమనశక్తి వేగముయొక్క వర్గముననుసరించి పెరుగును. గంటకు 44 కిలోమీటర్ల వేగముతో గట్టును గ్రుద్దుకొన్నవాడు గాయములతో బయటపడవచ్చును. 88 కిలోమీటర్ల వేగముతో గ్రుద్దుకొన్నచో దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు.

ఆ కనిష్ఠ వేగము ఎట్లు నిర్ణయమగును? రెక్క గాలిని క్రిందికి నెట్టును. గాలి రెక్కను పైకి నెట్టును. ఈ ఉత్థాపక బలము నాలుగు సంగతులపై ఆధారపడి ఉన్నది. గాలి సాంద్రతలో సగమును, వేగము యొక్క వర్గముతోను, రెక్క వైశాల్యముతోను, ఉత్థాపక గుణకమను ఒక సంఖ్యతోను గుణించినచో బలము లభించును. ఆ గుణకము రెక్క ఆకారమును బట్టియు, గాలికి ఎదురుగా రెక్క ఎంత వాలి ఉన్నదను కోణమును బట్టియు మారును. కోణము పెంచినకొలది గుణకము పెరుగును. కాని సుమారు 15 డిగ్రీలు దాటిన పిమ్మట గాలి రెక్క పైతలమును అంటిపెట్టుకొనక విడిపోవును. అప్పుడు ఉత్థాపకము ఒక్కసారిగా పడిపోవును. దీనిని స్టాలు అందురు. స్టాలనగా ఇంజను ఆగిపోవుట అని చాలమంది భ్రమపడుచుందురు. ఇంజను చక్కగా తిరుగుచుండగానే రెక్క స్టాలు కావచ్చును.

ఒక చిన్న విమానమును ఊహించి లెక్కవేయుదము. ఖాళీ బరువు 115, మనిషి 80, పెట్రోలు 14, మొత్తము సుమారు 210 కిలోగ్రాములు. అనగా 2060 న్యూటన్ల బరువు. రెక్క పొడవు 10 మీటర్లు, వెడల్పు 1.4 మీటరు, వైశాల్యము 14 చదరపు మీటర్లు. గరిష్ఠ ఉత్థాపక గుణకము 1.6 అనుకొందము. సముద్రమట్టమున 15 డిగ్రీల వేడిమిలో గాలి సాంద్రత ఘనపు మీటరునకు 1.225 కిలోగ్రాములు. ఈ సంఖ్యలతో గుణించి చూచినచో సెకండునకు 12.25 మీటర్ల వేగమున ఉత్థాపకము సరిగా బరువుతో సమానమగును. అది గంటకు 44 కిలోమీటర్లు. నిబంధనలోని సంఖ్య ఎక్కడినుండి వచ్చినదో దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడీ విమానమునే మే నెల మధ్యాహ్నము గూడూరు పొలిమేరలో నిలుపుదము. వేడిమి 43 డిగ్రీలు. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచనగును. మన ప్రాంతము సముద్రమట్టమునకు కొంత ఎత్తున కూడ ఉన్నది గనుక సాంద్రత సుమారు 1.1కి దిగును. అప్పుడు అదే బరువును మోయుటకు గంటకు 46 కిలోమీటర్లకు పైగా వేగము కావలెను. రెండు కిలోమీటర్ల తేడాయే కదా అనిపించవచ్చును. కాని ఆ వేగమును అందుకొనుటకు నేలపై ఎక్కువ దూరము పరుగెత్తవలెను. పలుచని గాలిలో ఇంజనుకు అందు ప్రాణవాయువును తక్కువే, పంకాకు దొరకు పట్టును తక్కువే. అన్నియు కలిసి పరుగు దూరము నాలుగవ వంతుకు పైగా పెరుగును. చలికాలపు ఉదయమున చేను చివరనున్న కరెంటు తీగలపై సులువుగా ఎగిరిపోయిన విమానము, వేసవి మధ్యాహ్నమున ఆ తీగలలోనికే పోవచ్చును. మన పొలములలో బావి బావికి మోటారు, మోటారు మోటారుకు తీగ ఉన్న సంగతిని విదేశపు కిట్టుతో వచ్చిన పుస్తకము చెప్పదు.

వేసవిలో మరియొక చిక్కు కలదు. ఈ విమానము రెక్కపై చదరపు మీటరునకు పడు భారము 15 కిలోగ్రాములు మాత్రమే. ప్రయాణికులను మోయు ఎయిర్‌బస్ 320 విమానము రెక్కపై ఆ భారము 600 కిలోగ్రాములకు పైబడి ఉండును. పత్తిచేలు దున్ని వదలిన నల్లరేగడి భూములు ఎండకు కాగినప్పుడు లేచు సుడిగాలి ఎయిర్‌బస్‌ను కొంచెము కుదుపును. మన తేలిక విమానమునో, ఎండుటాకును ఎత్తినట్లెత్తును. సూర్యోదయము తర్వాతి రెండు గంటలును, సూర్యాస్తమయమునకు ముందరి గంటయు మాత్రమే ఎగురుట ఈ విమానముల వారు పాటించు ఆచారము. ఇందులో పిరికితనమేమియు లేదు.

ఇక అసలు ప్రమాదము ఎట్లుండునో తెలుపు ఒక చరిత్ర చెప్పవలెను. ఫ్రాన్సులో ఆంరీ మిన్యే అను ఔత్సాహికుడు 1933లో 'ఆకాశపు పేను' అను అర్థము వచ్చు పేరుతో ఒక చిన్న విమానమును చేసి ఎగురవేసెను. 1934లో దానిని చేయు విధానమును పుస్తకముగా ప్రకటించెను. పెట్టె కొట్టగలవాడు విమానమును కొట్టగలడని అతని విశ్వాసము. ఆ పుస్తకమును చూచి ఫ్రాన్సులోను, ఇంగ్లండులోను వందలమంది వడ్రంగి పనికి పూనుకొనిరి. ఆ విమానమునకు ముందొకటి, వెనుకొకటి రెండు రెక్కలు. ముందు రెక్క మొత్తము తిరుగుచీలపై ఆడును. దండమును వెనుకకు లాగినచో ముందు రెక్క కోణము పెరిగి ముక్కు పైకి లేచును. నేర్చుకొనుట సులువు. స్టాలగుట కూడ అరుదు.

1935, 1936 సంవత్సరములలో ఇవి వరుసగా నేలకు గ్రుద్దుకొనసాగినవి. ముక్కు క్రిందికి వాలిన విమానము తిరిగి లేవకయే పడుచుండెను. నడుపువారికి నేర్పు చాలదని మొదట అందరును భావించిరి. చివరకు ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధన కేంద్రమున నిజమైన విమానమునే గాలిసొరంగములో నిలిపి బలములను కొలిచిరి. ఫ్రాన్సులోను అట్టి పరీక్షలు జరిగినవి. తేలినదేమనగా, ముందు రెక్క వెనుక అంచునకును, వెనుక రెక్క ముందు అంచునకును నడుమ సన్నని సందు మాత్రమే ఉన్నది. ముక్కు బాగుగా వాలియున్నప్పుడు దండమును లాగినచో ముందు రెక్క వెనుక అంచు ఆ సందుమీదికి దిగును. సందునుండి వడిగా పోవు గాలి వెనుక రెక్కకు అధికమైన ఉత్థాపకమునిచ్చును. తోక పైకి లేచును. ముక్కు మరింత వాలును. అనగా ప్రాణము కాపాడుకొనుటకు ఏ పని చేయవలెనో, ఆ పనియే ప్రాణము తీయును. ఇంగ్లండు ప్రభుత్వము 1936లో ఆ విమానములకు అనుమతులిచ్చుట మానివేసినది. మిన్యే తరువాత తన రూపకల్పనను సవరించుకొని, ఆ దోషము లేని విమానములను చాలకాలము చేసెను.

ఆ వడ్రంగులలో చాలమంది పని చక్కగా చేసినవారే. కర్ర మంచిది, జిగురు మంచిది, మేకులు సరిగానే పడినవి. దోషము రూపకల్పనలో ఉన్నది. అది కంటికి కనబడునది కాదు, గాలిసొరంగమునకే కనబడినది. ఈ కారణముచేతనే కిట్టు విమానమునకు ఇంత విలువ. కిట్టు కొన్నవాడు గొట్టములకును గుడ్డకును ఇచ్చు సొమ్ముకంటె, అంతకుముందే ఎవరో చేసిన లెక్కలకును, పరీక్షలకును ఇచ్చు సొమ్మే ఎక్కువ విలువైనది.

కిట్టు విమానము మనకు మరీ దూరపు వస్తువు కాదు. 1980 ప్రాంతమున ఒక ఫ్రెంచి దేశస్థుడు బెంగుళూరులో రాజ్ హంస అల్ట్రాలైట్స్ అను సంస్థను స్థాపించెను. అక్కడ తయారైన ఎక్స్-ఎయిర్ కిట్లు యూరపు మున్నగు ఖండములకు ఎగుమతి అయినవి. అందలి ఒక రకమునకు 'హనుమాన్' అని పేరు పెట్టిరి. గాలికొడుకు పేరు ఇంతకంటె తగిన వస్తువుకు పెట్టిన జాడ నాకు తెలియదు. దాని అస్థిపంజరము అల్యూమినియము గొట్టములు. వాటిని మరలతో బిగించి, కుట్టి తెచ్చిన డేక్రాన్ గుడ్డను రెక్కకు గలేబువలె తొడిగి బిగువుగా లాగుదురు. ఇట్టివి కాక, సన్నని అల్యూమినియము రేకులను రివెట్లతో అతికి చేయునవి ఒక జాతి. కెనడాకు చెందిన జెనేర్ వారి సీహెచ్ 701 ఇట్టిది. నురుగుదిమ్మలపై గాజునార పరచి రెసిను పూసి గట్టిపరచునవి మరియొక జాతి. కర్రతో చేయునవి ఇప్పటికిని ఉన్నవి.

గొట్టముల విమానమును కూర్చుటకు కొన్ని వందల గంటల పని పట్టును. రేకుల విమానమునకు వేయి, రెండు వేల గంటలు కూడ పట్టవచ్చును. సాయంకాలములందు రెండేసి గంటలు పనిచేయువానికి ఇది మూడు నాలుగు సంవత్సరముల వ్రతము. అమెరికాలో పెద్ద తరగతి కిట్లకు ఒక నియమము కలదు. పనిలో సగముకంటె ఎక్కువ భాగము కొన్నవాడే, నేర్చుకొనుటకో వినోదమునకో చేసికొనియుండవలెను. అట్లయిననే అది ఔత్సాహికుని విమానముగా నమోదగును. ఆ దేశమున 1953లో స్థాపితమైన ప్రయోగ విమానముల సంఘము ఇట్టి వారిని ఒకచోట చేర్చి, ఒకరి పనిని మరొకరు పరీక్షించు అలవాటును పెంచినది. ఇంటిలో ఒంటరిగా పనిచేయువానికి తన తప్పు తనకు కనబడదు గనుక ఆ అలవాటు ఎంతో మేలైనది.

పనిలో అన్నిటికంటె చిన్నదిగా తోచి, అన్నిటికంటె పెద్దదైనది మర. వరంగల్లులో ఏ హార్డ్‌వేర్ దుకాణమునకు పోయినను ఆరు మిల్లీమీటర్ల బోల్టు కొద్ది రూపాయలకే దొరకును. విమానపు బోల్టు అదే లావున ఉండి అనేక రెట్లు ఖరీదగును. ఈ భేదము వ్యాపారుల మాయ కాదు. విమానపు బోల్టు మిశ్రమలోహపు ఉక్కుతో చేసి, తగిన వేడిచికిత్స ఇచ్చి, ప్రతి ముద్దను పరీక్షించినది. అంతేగాక దాని నున్నని భాగము గొట్టముల మందమునకు సరిపోవు పొడవున ఉండును. రెండు గొట్టములు ఒకదానినొకటి ప్రక్కకు లాగునప్పుడు ఆ కోతబలమును నున్నని భాగమే భరించవలెను. మరచుట్లు అక్కడికి వచ్చినచో ఒక్కొక్క చుట్టు గాడి ఒక్కొక్క పగులుకు ఆరంభమగును. ఇంజను అదురులో వేలమార్లు వంగి లేచిన పిమ్మట, పైకి ఏమియు కనబడకుండగనే ఆ పగులు పెరిగి ఒకనాడు తెగును. లోహపు అలసట అనునది ఇదే. బోల్టు బిగింపును చేతి అంచనాకు విడువక, కొలత చూపు పానాతో బిగించి, నట్టు వదులు కాకుండ నైలాను వలయముతోనో, చీలపిన్నుతోనో కట్టుదిట్టము చేయుదురు.

గొట్టముల విషయమును ఇంతే. కిటికీలకు, తలుపులకు వాడు అల్యూమినియము మెత్తని రకము. విమానమునకు వాడు 6061 అను మిశ్రమము వేడిచికిత్స వలన బలము పొందినది. దానిని వెల్డింగు చేసినచో అతుకు ప్రక్కన ఆ బలము సగమునకు పడిపోవును. అందుచేతనే ఇట్టి విమానములలో గొట్టములను మరలతో కలుపుదురేగాని అతుకరు. వంగిన గొట్టమును మోకాలిపై పెట్టి సరిచేసి మరల వాడుట మన రైతులు నాగలి కర్రుకు చేయు మరమ్మతువంటిది. నాగలికి చెల్లును, రెక్కకు చెల్లదు. గుడ్డకు ఎండ శత్రువు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు పాలియెస్టరు దారమును కొరికివేయును. రంగు బాగున్నను బలము పోయియుండవచ్చును గనుక, అప్పుడప్పుడు కొలత పరికరముతో గుడ్డను పరీక్షించి చూడవలెను.

కూర్చిన రెక్క బరువును మోయునో లేదో ఎట్లు తెలియును? నిటారుగా పోవుచున్న విమానపు రెక్కపై దాని బరువే పడును. 60 డిగ్రీలు వాలి మలుపు తిరిగినచో రెండింతలు పడును. సుడిగాలిలోను, ముంపునుండి లాగునప్పుడును ఇంకను ఎక్కువ. సాధారణముగా నాలుగింతలకు రూపొందించి, దానిపై మరల ఒకటిన్నర రెట్ల భద్రత ఉంచుదురు. అనగా ఆరింతలు. మన 210 కిలోగ్రాముల విమానమునకు ఇది 1260 కిలోగ్రాములు. రూపకర్తలు మొదటి నమూనా రెక్కలను తలక్రిందులుగా అమర్చి, గాలి పైకి నెట్టుటకు బదులుగా ఇసుక సంచులను వరుసగా పేర్చి పరీక్షింతురు. ఆ లెక్కన రెండు రెక్కలమీద కలిపి 25 సిమెంటు బస్తాల బరువు నిలువవలెను. తన పెరటిలో స్వంత రూపకల్పన చేసికొన్నానను వానిని చూచినప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న, ఇన్ని బస్తాలు పెట్టి చూచితివా అనునదే.

బరువు మోయుట ఒక ఎత్తు, బరువు ఎక్కడ ఉన్నదనుట మరియొక ఎత్తు. కావడి మోయువాడు బద్దను భుజముపై జరిపి జరిపి సమతూకము చూచుకొనును. విమానమునకు ఆ భుజము రెక్క. గరిమనాభి రెక్క ముందు అంచునుండి ఇంత దూరము మొదలు ఇంత దూరము వరకే ఉండవచ్చునని రూపకర్త నిర్ణయించును. మన విమానములో అది 35 మొదలు 43 సెంటీమీటర్ల వరకు అనుకొందము. ఖాళీ విమానము 115 కిలోగ్రాములు, దాని గరిమనాభి 55 సెంటీమీటర్ల వద్ద. ఆసనము 15 సెంటీమీటర్ల వద్ద. 14 కిలోగ్రాముల పెట్రోలు 60 సెంటీమీటర్ల వద్ద. 80 కిలోగ్రాముల మనిషి కూర్చున్నచో, ఒక్కొక్క బరువును దాని దూరముతో గుణించి, కూడి, మొత్తము బరువుతో భాగించిన 40 సెంటీమీటర్లు వచ్చును. మేలు. ఇప్పుడు 55 కిలోగ్రాముల సన్నని కళాశాల విద్యార్థిని అదే ఆసనములో కూర్చుండబెట్టుదము. జవాబు 43.4. హద్దు దాటినది! బరువు తగ్గినది గదా, విమానము ఇంకను చక్కగా ఎగురునని ఆ బాలుడు భావించును. కాని గరిమనాభి వెనుకకు జరిగిన విమానము తోక బరువై, ముక్కు తనంతట లేచి, ఒకసారి స్టాలయినచో మరల దించుటకు లొంగకపోవచ్చును. ముందు భాగమున కొంత సీసము కట్టినగాని అతడు ఎక్కరాదు.

ఇంజను సంగతికి వత్తము. మన విమానము గంటకు 65 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు గాలి నిరోధము బరువులో ఏడవ వంతు, అనగా 294 న్యూటన్లు. దీనిని జయించుటకు 5.3 కిలోవాట్లు చాలును. ఐతే పంకా తనకు వచ్చిన శక్తిలో సుమారు 55 శాతమునే తోపుగా మార్చును గనుక ఇంజను 9.6 కిలోవాట్లీయవలెను. సెకండునకు రెండు మీటర్ల చొప్పున పైకెక్కుటకు మరి 7.5 కిలోవాట్లు. మొత్తము 17 కిలోవాట్లు, అనగా 23 అశ్వశక్తులు. ఇది చదివిన కుఱ్ఱవారికి వెంటనే ఇంటి ముందర నిలిపిన మోటారు సైకిలు మనసులో మెదలును. అక్కడనే పొరపాటు. మోటారు సైకిలు ఇంజను తన పూర్ణశక్తిని ఎప్పుడో కొద్ది సెకండ్లే ఇచ్చును. విమానపు ఇంజను నేల వదలినది మొదలు చాల నిమిషములపాటు పూర్ణశక్తితో పనిచేయవలెను. దాని వేడి పోవు మార్గము, పంకా వలన కలుగు మెలితిప్పుల అదురును ఓర్చు ఇరుసు, పంకా వేగమును తగ్గించు గేరు, ఇవన్నియు వేరుగా ఆలోచించి చేసినవి. పైగా దారిలో ఆగిన మోటారు సైకిలును ప్రక్కకు నెట్టుకొనవచ్చును.

పెట్రోలులోను ఒక క్రొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశపు బంకులలో పెట్రోలుకు 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. కార్లకు అది ఎట్లున్నను, తేలిక విమానములలో విరివిగా వాడు రోటాక్స్ 912 ఇంజను తయారీదారులు 10 శాతము వరకే అంగీకరించిరి. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు ఎక్కువైనచో, చల్లబడినప్పుడు ఇథనాలును నీరును కలిసి పెట్రోలునుండి విడిపోయి తొట్టి అడుగున చేరును. ఇంజనుకు పోవు గొట్టము తొట్టి అడుగుననే ఉండును! కొన్ని రకముల రబ్బరు గొట్టములను, గాజునార తొట్టెల రెసినును కూడ అది మెత్తబరచును. కనుక ఇంధనమును ఎక్కడ కొనవలెనన్న ప్రశ్నను కిట్టు కొనకముందే తేల్చుకొనవలెను.

మన దేశమున ఈ మార్గమున నడచినవారు లేకపోలేదు. బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ, రొద్దం నరసింహగారు దానికి సంచాలకులుగా ఉన్న కాలమున, అమెరికా రూపకర్త బర్ట్ రూటన్ ఔత్సాహికుల కొరకు చేసిన లాంగ్ ఈజీ విమానపు నమూనా ఆధారముగా గాజునార విమానమును నిర్మించి 1987లో ఎగురవేసినది. దానికి చిన్న రెక్క ముందుండును. ఆ చిన్న రెక్కయే మొదట స్టాలగునట్లు అమర్చుటచే ముక్కు తనంతట దిగి, పెద్ద రెక్క స్టాలు కాకుండ కాపాడబడును. మిన్యే రెండు రెక్కల కథకు దీనిని ప్రక్కన పెట్టి చూచినచో, రెండు రెక్కల నడుమ దూరము ఎంత పని చేయునో బోధపడును. గాజునార పనిలో ఈ లాబొరేటరీ గడించిన అనుభవము వెంట 1993లో ఎగిరిన హంస శిక్షణ విమానము వచ్చినది. ఔత్సాహికుని గృహనిర్మాణమునకు స్వయముగా పూనుకొన్నవాడు ముంబయికి చెందిన వైమానికుడు అమోల్ యాదవ్. ఆయన ఇంటి మేడపై ఆరు ఆసనముల విమానమును కట్టి, 2016లో ముంబయి ప్రదర్శనలో చూపి, 2017లో నమోదు, 2019లో ఎగురుటకు అనుమతి పొందెను. విమానము కట్టుటకు పట్టిన కాలముతోపాటు కాగితములకు పట్టిన కాలమును కూడ ఇందు గమనింపవలెను.

కాగితములనగా తేలికగా చూడరాదు. అమెరికాలో చిన్న అల్ట్రాలైటుకు నమోదు గాని, చాలకుని లైసెన్సు గాని అక్కరలేదు. మన దేశమున అట్లు కాదు. 1934 నాటి విమాన చట్టమునకు మారుగా 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. ఎంత తేలికదైనను మనిషి ఎక్కి ఎగురు విమానమునకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్ వారి నమోదు, ఎగురుటకు తగినదను అనుమతి, నడుపువానికి లైసెన్సు ఉండవలెను. తన చేనిలో తన విమానమును తాను ఎగురవేసికొనుటకు ఎవరి అనుమతి ఎందుకను వాదము ఇక్కడ చెల్లదు. క్రిందనున్న ఇండ్లు తనవి కావు గదా.

మన ప్రాంతపు విద్యార్థికి తొలి మెట్టు కిట్టు కాదనియే నా అభిప్రాయము. నేషనల్ కాడెట్ కోర్ వాయువిభాగము కాడెట్లకు మైక్రోలైటులలో శిక్షణ ఇచ్చుచున్నది. మొదట జెనేర్ విమానములను, పిమ్మట స్లొవీనియా దేశపు పిపిస్ట్రెల్ విమానములను అది వాడినది. నిజాము కాలమున నిర్మింపబడి, 1981 వరకు ప్రయాణికుల విమానములు దిగిన మామునూరు విమానాశ్రయము మనకు దగ్గరలోనే ఉన్నది. ప్రయాణములు ఆగిన తర్వాత కాడెట్ల శిక్షణకు కూడ అది ఉపయోగపడినది. పది గంటలు శిక్షకుని ప్రక్కన కూర్చుండి ఎగిరినవానికి, పైన చెప్పిన లెక్కలలో ఏది ఎందుకో చేతులలోనికి వచ్చును. విమాన నమూనాలు చేయుట రెండవ మెట్టు. రెండు మీటర్ల నమూనాలో గరిమనాభిని ఒక సెంటీమీటరు వెనుకకు జరిపి విసిరి చూచినచో, పైనున్న 43.4 అను సంఖ్య ఎంత మాటయో ఒక నిమిషములో తెలిసిపోవును. విరిగినది నాలుగు బద్దలే.

కూర్చుట పూర్తియైన నాడు మొదట చేయవలసినది ఎగురుట కాదు, తూచుట. మూడు చక్రముల క్రింద మూడు తూకపు యంత్రములను పెట్టి, విమానమును సమతలముగా నిలిపి, నిజమైన గరిమనాభిని కనుగొందురు. పుస్తకములోని సంఖ్యకును దీనికిని తేడా రాకపోవుట అరుదు. రంగు రెండు పూతలు ఎక్కువ వేసినను తోక బరువెక్కును. తరువాత ఇంజనును విమానము కట్టివేసి గంటలకొలది నడిపి, ఇంధనము నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చుచున్నదో ముక్కు ఎత్తి పెట్టియే కొలువవలెను. పైకెక్కునప్పుడు తొట్టి క్రిందికి, ఇంజను పైకి పోవు అమరికలలో పెట్రోలు అందక ఇంజను ఆగిన సంఘటనలు మొదటి ఎగురుటలలోనే ఎక్కువ. పిమ్మట నేలపై మెల్లగా నడుపుట, ఆ తర్వాత వేగముగా నడుపుట. మొదటిసారి గాలిలోనికి తీసికొనిపోవువాడు ఆ జాతి విమానములను ఇదివరకే నడిపినవాడై ఉండవలెనేగాని, కష్టపడి కట్టినవాడు గదా అని యజమాని కాకూడదు. అమెరికాలో ఔత్సాహికుల విమానములను మొదటి 25 లేక 40 గంటలు జనము లేని నిర్ణీత ప్రదేశములోనే, ఇతరులనెక్కించుకొనక పరీక్షార్థము ఎగురవేయవలెనని నియమము. ఆ గంటలలో క్రొత్త గుడ్డ సాగును, తీగలు సడలును, గొట్టములు బోల్టుల చుట్టు సర్దుకొనును. మొదటి ఐదు గంటలు కాగానే ప్రతి నట్టును పానాతో మరల తాకి, తాకిన గుర్తుగా దానిమీదను బోల్టుమీదను కలిపి ఎఱ్ఱరంగు గీత ఒకటి గీయుదురు. తరువాత ఆ గీత రెండు ముక్కలై జరిగియుండుట కనబడినచో నట్టు తిరిగినదని అర్థము. ఆ రోజు విమానము కొట్టము దాటదు.